దేవదూత తలలో కండె

మా చిన్నప్పుడు... ప్రొద్దుటూరులో మా చర్చి మెట్ల మీద నన్ను నిలబెట్టి, సండే స్కూల్ టీచరమ్మ నా జడ విప్పి చూసింది. క్రిస్మస్ నాటకంలో గొల్లవాళ్లకు శుభవార్త చెప్పే దేవదూత వేషం నాది. మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. అయినా ఆవిడ పెదవి విరిచింది. గోడ మీది క్యాలెండర్‌లో దూతకు భుజాల దాకా ఉంగరాల జుట్టు ఉంది మరి...

"నీ వెంట్రుకలు చీపురు పుల్లల మాదిరి ఉండాయి పాపా. ఉంగరాలు రాకపోతే సుజాతను నిలబెడతా" అనేసింది.

సుజాతది పుట్టు ఉంగరాల జుట్టు. దానికి ఒక్క మాటా నోటికి రాదు... జుట్టు మాత్రం ఉంది! వేషం ఎక్కడ పోతుందోనని నాకు అన్నం సహించలేదు.

అమ్మ తలకు నీళ్లు పోసి, తడి ఆరకముందే సన్నసన్నగా జడలు అల్లి, కొసలకు పాత చీర పేలికలు కట్టింది. మర్నాడు విప్పితే ఎంత బాగా అలలు తేలాయో... రిహార్సల్‌కు పోయేసరికి ఒక్కటీ లేదు. నా జుట్టు అంత మొండిది.

అప్పుడు ఆదుకున్నది పక్కింటి పద్మక్క. వాళ్లది మగ్గం ఇల్లు. మా వీధిలో సగం ఇళ్లు అవే... పొద్దున లేస్తే టకటకమని మగ్గాల చప్పుడు. బడి నుంచి రాగానే పద్మక్క రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. కండె అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న పుల్ల. దాని మీదే నూలు చుడతారు.

"నూలుకు గంజి పెడితే బిర్రుగా నిలబడతాది గదమ్మే... నీ యెంటికలు నిలబడవా?" అంది.

అంతకంటే తెలివైన మాట నేను అప్పటిదాకా వినలేదు. పండుగ ముందురోజు సాయంత్రం వాళ్ల పెరట్లో కూర్చున్నాను. పడుగుకు, అంటే నేతలో నిలువు పోగులకు, పెట్టగా మిగిలిన గంజిని పద్మక్క నా తలకు పట్టించి, పాయపాయ తీసి కండెలకు బిగించి చుట్టింది. పులిసిన వాసన కొడుతున్నా కిక్కురుమనలేదు నేను.

మేం మరిచింది ఒక్కటే. పడుగుకు గంజి పెట్టాక పెద్దవాళ్లు తడి ఆరేదాకా కుంచెతో దువ్వుతూనే ఉంటారు. లేకుంటే పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. రోజూ కళ్ల ముందు చూసే పనే... జుట్టు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ గుర్తు రాలేదు.

పొద్దున కండెలు లాగుతుంటే కళ్ల వెంట నీళ్లు. కానీ ఉంగరాలు వచ్చాయి! గట్టిగా, కరకరలాడుతూ, జంతికల్లాగా... అద్దంలో చూసుకుని మురిసిపోయాను. వెనకాల ఒక్క కండె మాత్రం ఎంత లాగినా రాలేదు. తడిపి తీద్దామంటే పడ్డ కష్టమంతా పోతుందని, దాని మీదికి జుట్టు కప్పి తెల్ల రిబ్బను కట్టింది పద్మక్క.

చర్చి కిటకిటలాడుతోంది. రెక్కలు కట్టుకుని బల్ల మీద నిలబడ్డాను. ఆ ఉక్కకు చెమట పట్టి, గంజి కరిగి నుదుటి మీదికి తెల్లగా కారుతోంది. పక్కనున్న గొల్లవాళ్ల వైపు తిరిగి చేయి చాచానో లేదో... రిబ్బను జారింది. కండె జనానికి ఎదురుగా వేలాడింది.

ఇంకో ఊరైతే అదేదో క్లిప్పు అనుకునేవాళ్లు. మా ఊళ్లో కండె తెలియనిది ఎవరికి?

"ఏందప్పా... దేవదూత నెత్తిన కండె పెట్టుకోని దిగిండాది! పరలోకంలో గూడా మగ్గాలు ఉండాయా ఏంది?" అన్నాడు మగవాళ్ల వరసలోంచి ఒకాయన.

చర్చంతా గొల్లుమంది. పాస్టరయ్య కూడా చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. కంఠతా వచ్చిన మాటల్లో ఒక్కటీ నా నోట్లోంచి రాలేదు. టీచరమ్మ వెనకనుంచి అందిస్తుంటే, నా మాటలన్నీ సుజాత చెప్పేసింది. నేను రెక్కలతోనే ఇంటికి పరుగెత్తాను. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి... అంత సిగ్గు.

అమ్మ నా వెనకాలే వచ్చింది. తిడుతుందనుకున్నా. తిట్టలేదు. వేడినీళ్లు పెట్టి, నన్ను బండ మీద కూర్చోబెట్టి, గంజి నానబెట్టి, ఒక్కో పాయా విడదీసింది.

"నా యెంటికలే వచ్చినాయి నీకు... ఏం జేచ్చాం పాపా" అంది చివరికి. ఏదో తప్పు చేసినదానిలాగా, తల దించుకుని...

జనం నవ్వినదానికంటే ఆ మాటకు నాకు ఎక్కువ సిగ్గేసింది. మోకాళ్ల మధ్య మొహం దాచుకున్నాను.

ఇప్పుడు మా అమ్మాయి దగ్గర ఉంగరాలు తిప్పే మెషిన్ ఉంది. దానిదీ మా జుట్టే. కాలేజీలో ఫంక్షన్ ఉంటే ఉంగరాలు, వద్దనుకుంటే తలస్నానం... అంతే. మొన్న ఆదివారం పొద్దున అది చుట్టుకుంటుంటే, మా దగ్గరే ఉంటున్న అమ్మ వచ్చి మంచం మీద కూర్చుంది. చూసి చూసి, "నాకూ రెండు సుట్టు పాపా... ఎట్లుంటాదో సూచ్చా" అంది.

నేను నోరు తెరిచాను. ఈవిడకూ ఆ కోరిక ఉందని ఇన్నేళ్లలో నాకు ఒక్కసారైనా తట్టలేదు.

మనవరాలు ముచ్చటగా చుట్టింది. నెరిసిన జుట్టులో చిన్న చిన్న ఉంగరాలు... ఎంత బాగుందో అమ్మ! అద్దం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది, చిన్నపిల్లలా నవ్వింది. అంతలో చర్చికి టైమయింది. నేను చీర మార్చుకుని వచ్చేసరికి బాత్రూంలో కొళాయి చప్పుడు. తలంతా తడిపేసుకుని, తిన్నగా దువ్వి, ముడి వేసుకుంటోంది అమ్మ.

"ఎందుకు తీసేసినావుమ్మా? శానా బాగుండె గదా" అన్నాను.

"యాడ బాగుండేది... ఎవురన్నా సూచ్చే నగుతారు" అంది, నా మొహం చూడకుండా.

కాలం మారింది... ఉంగరాలు ఇప్పుడు నిమిషాల్లో వస్తున్నాయి. మా అమ్మ సిగ్గు మాత్రం ఇంకా పోలేదు.

మీ అమ్మకు తన రూపంలో ఏం నచ్చేది కాదో, ఏం కావాలని ఉండేదో ఎప్పుడైనా అడిగారా? అడిగి ఉంటే ఇక్కడ రాయండి... మా అమ్మకు చదివి వినిపిస్తాను.