తెడ్డు మీద వచ్చిన మూడు ముద్దలు

ఆత్మలు తిరుగుతాయనే వాళ్ళతో నేను జన్మంతా వాదించాను. ముప్పై రెండేళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. మా ఆయన తద్దినం మాత్రం పదకొండేళ్ళుగా ఒక్కటీ తప్పనివ్వలేదు. దయ్యాలంటే భయపడి కాదు, ఆయనకు మాటిచ్చాను గనక.

కంప్యూటర్ల వాళ్ళకి వై టూ కే పనులు ముమ్మరంగా ఉన్న ఏడు అది. సింగపూర్‌లో, సెరంగూన్ పేటలో, మా అబ్బాయి రవి ఫ్లాట్‌లో ఉండేదాన్ని. వాడికి శనివారాలూ ఆఫీసే. ఊరి నుంచి తెచ్చుకున్న పంచాంగంలో తిథి రెండుసార్లు చూసుకుని, ఆ శనివారం వాడిచేత సెలవు పెట్టించాను. పంతులుగారు దొరకలేదు. పుస్తకం చూసి నేనే చెబుతూ తద్దినం పెట్టించాను.

పిండాల దగ్గర వాడు రెండుసార్లు కునికాడు. చివర, "అమ్మా, వచ్చే ఏడు నుంచి గుడిలో డబ్బు కట్టేసి ఊరుకుందాం. ఇంక నా వల్ల కాదే," అన్నాడు. వాదించే ఓపిక నాకూ లేదు.

మర్నాడు, నన్ను మంచి చేసుకోవడానికి కాబోలు, మధ్యాహ్నం భోజనానికి జపాన్ వాళ్ళ బొగ్గుల పొయ్యి హోటల్‌కి తీసుకెళ్ళాడు. నాకు కూరగాయలు విడిగా కాల్చమని ముందే చెప్పాడట.

ఒంటిగంటన్నరకి కూర్చున్నాం. పొయ్యి చుట్టూ చెక్క బల్ల. వంటాయన పొయ్యి వెనక మోకాళ్ళ మీద కూర్చుని, కాల్చినది పొడుగాటి తెడ్డు మీద పెట్టి మన ముందుకు చాస్తాడు. నాకు ఎడమపక్క ఒక ఖాళీ కుర్చీ, ఆ పక్కన గోడ. అందులో ఎవరు కూర్చోవాలన్నా నేను లేచి దారివ్వాలి. నేను లేవలేదు.

వంకాయ, మొక్కజొన్న కండె వచ్చాయి. రెండుంబావుకి తెడ్డు మళ్ళీ వచ్చింది. ఈసారి నన్ను దాటి ఖాళీ కుర్చీ ముందు ఆగింది. పళ్ళెంలో కాల్చిన అన్నపు ముద్దలు మూడు.

మేం చెప్పలేదన్నాడు రవి. వడ్డించే చైనా ఆవిడ చీటీ చూసింది.

"అంకుల్ ఆర్డర్ లా. త్రీ రైస్ బాల్. నో సాస్, నో సాల్ట్."

"ఏ అంకుల్?"

ఆవిడ కుర్చీ వైపు చెయ్యి చాపి, అలాగే నిలబడిపోయింది. "ఎయ్, అంకుల్ వేర్ గో?"

రవి నవ్వబోయి ఆగాడు. తండ్రికి, తాతకి, ముత్తాతకి నిన్న వాడు ఉప్పు లేకుండా పెట్టిన పిండాలూ మూడే. ఆ పళ్ళెం మేం ముట్టలేదు.

ఇంటికొచ్చి గుడి పంతులుగారికి ఫోన్ చేశాను.

"అయ్యో, అది మన దేశపు పంచాంగం కదమ్మా! ఇక్కడ గడియారం రెండున్నర గంటలు ముందు. నిన్న ఇక్కడ తిథి వచ్చేసరికే సాయంత్రమైంది. తద్దినానికి మధ్యాహ్నం ఉండాలి కదా. మీకు తద్దినం ఇవాళ. మూడున్నరకి తిథి వెళ్ళిపోయింది కూడాను."

లెక్కల టీచర్ని, రెండున్నర గంటలు కలపడం మరిచాను.

వేరే వాళ్ళ ఆర్డరు మాకొచ్చిందనుకుందాం. ఆవిడ చూసిన మనిషి ఎవరు? గోడకీ నాకూ మధ్య ఎలా కూర్చున్నాడు? ఎన్ని విధాల వేసినా ఈ లెక్క నాకు తేలలేదు. రవి గుడిలో కట్టేద్దామని మళ్ళీ అనలేదు. మరుసటి ఏడు తద్దినానికి, నేను చెప్పకముందే, తిథి ఏ రోజుకి పడినా తప్పకూడదని, ముందురోజుతో కలిపి రెండు రోజులు సెలవు పెట్టుకున్నాడు.