తోమిన నాణేలు

మా హోటల్లో ఇత్తడి అన్నది ఎక్కడున్నా అది మెరుపక్క సొత్తే. మూడంతస్తుల మెట్ల కమ్మీ, తలుపుల పిడులు, గదుల నంబరు పలకలు, లిఫ్టు అంచులు, చివరికి వీధి గుమ్మం దగ్గరి గంట కూడా. ఇరవై రెండో ఏట చేతికి గుడ్డ తీసుకుంది, యాభై మూడు వచ్చినా కింద పెట్టలేదు. అసలు పేరు జీతాల పుస్తకంలో ఉండేది కానీ దాన్ని వాడినవాళ్లు లేరు. నేను అక్కడ దుప్పట్ల గది చూసేదాన్ని. ఆవిడకంటే పదేళ్లు చిన్నదాన్ని, నోరు మాత్రం పదింతలు పెద్దది. ఆవిడ వాటా మాటలు కూడా నేనే మాట్లాడేసేదాన్నని అందరూ ఎగతాళి చేసేవాళ్లు.

మసిబారిన వస్తువు కంటపడితే ఆవిడ చెయ్యి ఊరుకోదు. ఒకసారి మేనేజరు పిలిచి, ఈ ఏడు జీతం పెంచడం కుదరదని అరగంట సేపు నచ్చజెబుతుంటే, ఆవిడ ఆయన బల్లమీది పెన్నుల స్టాండు తీసుకుని, జేబులోని గుడ్డతో తళతళా తుడిచి, మళ్లీ అక్కడే పెట్టి వచ్చేసింది. ఆ స్టాండును చూసి నాకు ఒళ్లు మండింది. పెన్నులన్నీ తీసి దానితోనే ఆయన నెత్తిన ఒకటి వేసి రావాల్సింది కదా అన్నాను. ఆవిడ నవ్వేసింది.

ఆవిడకు ఉన్నది తండ్రి ఒక్కడే. తల్లి ఆవిడ పదకొండో ఏట పోయింది. తండ్రి రేవులో పడవ టికెట్ల కిటికీ వెనక ముప్పై ఏళ్లు కూర్చున్న మనిషి. దేశదేశాల ప్రయాణికులు ఇచ్చే చిల్లరలో చెల్లనిది, వింతది ఏదైనా వస్తే, తన జేబులోంచి ఆ డబ్బు పెట్టేసి దాన్ని ఇంటికి తెచ్చుకునేవాడు. అలా మొదలైన సరదా ముదిరి కొనడం దాకా వెళ్లింది. ఉద్యోగం అయిపోయాక ఇక అదే లోకం. సాయంత్రం ఈవిడ పనినుంచి వచ్చేసరికి ఆయన బల్ల ముందు భూతద్దం పట్టుకుని, గదికి వీపు పెట్టి కూర్చుని ఉండేవాడు. భోజనం పెట్టానంటే ఊఁ. పడుకుంటున్నానంటే ఊఁ. ఇరవై ఏళ్లు ఆ ఇంట్లో జరిగిన మాటామంతీ ఇంతే. నాణేల మీద మాత్రం ఆవిడ చెయ్యి పడనిచ్చేవాడు కాదు.

పెళ్లి మాట ఒకటి రెండుసార్లు రాకపోలేదు. నాన్నను ఒంటరిగా వదిలి ఎలా వెళ్లనూ అంది. ఇంట్లో ఇంకో మనిషి ఉందన్న సంగతి ఆ మహానుభావుడు గమనించాడో లేదో, నాకైతే ఇప్పటికీ అనుమానమే.

చలికాలంలో ఆయన పోయాడు. మిగిలినవి రెండు గదులు, వాటికి కట్టాల్సిన అద్దె, గళ్ల పెట్టెలో రెండు వందల పన్నెండు నాణేలు. వాటిని అమ్మేస్తానని ఆవిడ చెప్పినప్పుడు డబ్బు అవసరం పడిందేమో అనుకున్నాను. దుప్పట్లు మడత పెడుతూ అదే అడిగాను.

“డబ్బు కోసం కాదే. అవి ఏం పలుకుతాయో తెలుసుకోవాలి. ఇరవై ఏళ్లు నన్ను కాదని వాటినే చూస్తూ కూర్చున్నారు కదా. అంత గొప్పవని తెలిస్తే, సరేలే, అందుకే అనుకుంటాను.”

మంచి ధర రావాలని నేనూ మనసులో అనుకున్నాను.

వెంటనే అమ్మలేదు. మూడు నెలలు గడిచాయి. ఒకరోజు ఆ పెట్టె మోసుకుని దుప్పట్ల గదికి వచ్చి, మూత తీసి చూపించింది. నా కళ్లు జిగేల్మన్నాయి. నల్లగా, పచ్చగా, చిలుము పట్టి ఉన్న నాణేలను రోజూ పని అయ్యాక ఇంటికెళ్లి, ఒక్కొక్కటే ఇత్తడి పాలిష్ పెట్టి తోమింది. రెండు వందల పన్నెండూ. ఒక్క మచ్చ లేదు. నాన్న చూసి ఉంటే ఈసారైనా బాగుందనేవారంది. నేను అబ్బా అబ్బా అంటూ ఆకాశానికెత్తేశాను. నా తెలివి కూడా అంతే కదా.

పెట్టె అడుగున ఒక కార్డు దొరికింది. స్టేషన్ వెనక సందులో, గడియారాల రిపేరు కొట్టుకూ తాళాల కొట్టుకూ మధ్య, పాత నాణేలు కొని అమ్మే దుకాణం. ఒక శనివారం మధ్యాహ్నం ఇద్దరం వెళ్లాం. దుకాణం మంచం వేస్తే నిండిపోయేంత. లోపల డెబ్బై దాటిన పెద్దాయన, దళసరి కళ్లజోడు, మోచేతుల దగ్గర చిరిగిన స్వెట్టరు. మూత తీసి చాలాసేపు అలాగే చూశాడు. ఒకటి అంచు పట్టుకుని తీసి, దీపం కింద అటూ ఇటూ వంచి చూసి పెట్టేశాడు. ఇంకొకటి తీశాడు. అదీ పెట్టేశాడు.

ఎవరు తోమారని అడిగాడు. నేనే, హోటల్లో నా పని ఇదేనని మెరుపక్క చెప్పింది. గర్వంగానే చెప్పింది, పాపం.

“నాణెం మీద పేరుకున్న నలుపే దాని వయసమ్మా,” అన్నాడాయన మెల్లగా. “అది పోయాక కొనేవాడు నమ్మడు. ఇప్పుడు వీటికి లోహం ధరే వస్తుంది. తూకానికి తీసుకుంటాను, అంతకుమించి ఎవరూ ఇవ్వరు.”

ఆవిడ ముఖం పాలిపోయింది. నేను అప్పటికే పోట్లాటకు సిద్ధమవుతున్నాను. ఇంతలో పెద్దాయన చేతికి నడిమి చిల్లు ఉన్న చిన్న నాణెం తగిలింది. దాని అంచున ఉన్న నొక్కు చూసి, ఇది నేను అమ్మిందే, టికెట్ల మాస్టారికి ఇచ్చాను అన్నాడు. ఆయన మా నాన్నగారేనని ఈవిడ చెప్పగానే పెద్దాయనకు ప్రాణం లేచొచ్చింది. మనిషి లేడని తెలిసి, ఎలా పోయాడో అడిగి, కళ్లు తుడుచుకుని, ఇక ఆపకుండా చెప్పడం మొదలుపెట్టాడు. ప్రతి నెలా మొదటి శనివారం నాలుగింటికి వచ్చేవాడట. అదిగో ఆ స్టూలు మీద కూర్చుని దుకాణం మూసేదాకా కబుర్లేనట. పడవ తప్పిపోయిన పెళ్లివారి గొంతులు, బాతును పిల్లవాడని చెప్పి సగం టికెట్టు అడిగిన ముసలావిడ గొంతు, అన్నీ అనుకరించి చూపించేవాడట. ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్లట.

పొరపాటున వేరే మనిషి గురించి వింటున్నామేమో అనుకున్నాను నేను. మెరుపక్క ఆ స్టూలు వంకే చూస్తోంది.

“నా గురించి ఏమైనా అనేవారా?” అంది.

పెద్దాయన ఆలోచించాడు. నిజాయితీగానే ఆలోచించాడు, అదే నాకు మంట.

“కూతురుందనే నాకు తెలియదమ్మా. ఎవరూ లేని మనిషనుకున్నాను.”

ఆవిడ తలవంచి పెట్టె సర్దుకుంటుంటే నేను ఆయన దగ్గరికి వంగి, ఒక్క అబద్ధం ఆడితే మీ సొమ్మేం పోయేదండీ అని గొణిగాను. ఆయన నాలుక కరుచుకుని కళ్లజోడు తీసేశాడు. తర్వాత, తూకం వేయమంటారా అని చిన్న గొంతుతో అడిగాడు. ఆవిడ పెట్టెలోంచి ఒకే ఒక్క నాణెం తీసి బల్లమీద పెట్టింది. ఇవాళ్టికి ఇది చాలంది. వచ్చిన డబ్బు మా ఇద్దరి బస్సు టికెట్లకు కూడా సరిపోలేదు.

తర్వాతి నెల మొదటి శనివారం ఆవిడ ఒక్కతే వెళ్లింది, ఇంకో నాణెం తీసుకుని. ఆ పై నెలా అంతే. ఇదెక్కడి అమ్మకం, ఈ లెక్కన పదిహేడేళ్లు పడుతుంది, అన్నాళ్లు ఆ పెద్దాయన ఉండొద్దూ అని కేకలేశాను. పెద్దాయన నాన్న కబుర్లు చెబుతాడంది. రేవులో జరిగినవి ఒక్కోటీ నాకూ చెప్పేది. ఆ గొంతులు అనుకరించడం మాత్రం ఆవిడకు వచ్చేది కాదు.

ఐదో నెల వెళ్లొచ్చిన మర్నాడు, మూడో అంతస్తు దుప్పట్లు ఇద్దరం చెరో కొస పట్టుకుని మడత పెడుతున్నాం. పెద్దాయనకు నిన్న ఒక మాట గుర్తొచ్చిందట అంది. మా అమ్మాయి చెయ్యి పడితే హోటల్లో ఇత్తడి బంగారమైపోతుందని నాన్న ఒకసారి అన్నారట.

నాకు పట్టరాని సంతోషం వేసింది. చూశావా, ముసలాయన, వెంటనే తట్టలేదంతే, నీ గురించి చెప్పే ఉంటారని నేననలేదూ అన్నాను.

“నేను హోటల్లో ఏం పని చేస్తానో నాన్నకు తెలియదు,” అంది మెరుపక్క. “ముప్పై ఏళ్లలో ఒక్కసారీ అడగలేదు. పోయిన నెల కూడా పెద్దాయన ఇలాంటిదే ఒకటి చెప్పాడు. అదీ అబద్ధమే.”

నాకు తల తీసేసినట్టయింది. ఆ బీజం వేసింది నేనేనని ఒప్పుకుందామనుకుని ఒప్పుకోలేదు. తెలిసి కూడా ఎందుకక్కా వెళ్తావు అని అడిగాను.

ఆవిడ దుప్పటి మడత సరిచేసి దొంతర మీద పెట్టింది.

“నాకు చెప్పడానికి ఒక మనిషి నెలంతా కూర్చుని ఒక మాట ఆలోచిస్తున్నాడే,” అంది. “అంత పని నా కోసం ఇంతవరకు ఎవరూ చేయలేదు.”