రెండు పర్సుల ఖాలా

మా పక్కింటి ఖాలా పోయిన శుక్రవారం కన్నుమూశారు. తాండూరులో మా వీధంతా ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనే పిలిచేది. కబురు వినగానే నాకు ఏడుపు కంటే ముందు భయం వేసింది, ఇక ఆమె అన్నగారిని ఎవరు కాపాడతారని.

ఆయనకు నాపరాళ్ల పాలిష్ యూనిట్ ఉంది. మతిమరుపు ముదిరాక, ఆయన బాగోగులకూ ఆస్తికీ కోర్టు ఖాలాను సంరక్షకురాలిగా నియమించింది. అప్పటినుంచి ఆమె సంచిలో రెండు పర్సులు. నల్లది తనది, పచ్చది అన్నగారిది. ఇద్దరూ కలిసి చాయ్ తాగినా రెండూ తెరవాల్సిందే. చాయ్‌వాలా విసుక్కుంటే, "నేను తాగిన చాయ్‌కు భాయ్‌సాబ్ పైసలెందుకు?" అనేవారు.

అలాగని పిసినారి కాదు. తన దుపట్టా వెలిసిపోయినా, ఆయనకు పండక్కి కొత్త షేర్వాణీ కుట్టించేవారు. "కాపాడుడంటే తాళమేసుడు గాదు బిడ్డా, ఆయన పైసలు ఆయనకే అక్కరకు రావాలె."

మతి పోయినా ఆయన చేయి మాత్రం చిన్నది కాలేదు. పాలవాడికి, ఆటో డ్రైవరుకు, ఒకసారి నాకు కూడా యూనిట్ రాసిస్తానన్నారు. నేను సంబరపడేలోపే ఖాలా, "ఆగు, నీ ముందర లైన్ పెద్దగున్నది" అన్నారు.

వాళ్ల పెద్దన్న కొడుకు మాత్రం తనతోనూ అన్న ఆ మాటను ఫోనులో రికార్డు చేసుకుని, వికారాబాద్ కోర్టుకెక్కాడు. వాయిదా నాడు ఖాలాకూ పెద్దాయనకూ తోడుగా నేనూ రైలెక్కాను. "యూనిట్ నీదే బేటా" అని కోర్టు హాల్లో ఫోను పలకగానే ఇక యూనిట్ చేజారినట్టే అనుకున్నాను. ఖాలా మాత్రం తొణకలేదు.

"సార్, మా భాయ్‌సాబ్‌ను మీరే అడుగుండ్రి."

యూనిట్ ఎవరికిచ్చారని జడ్జిగారు మెల్లగా అడిగారు. పెద్దాయన ఆయన్ని ఎగాదిగా చూసి, "మస్తు మంచిగ మాట్లాడుతున్నవ్ బేటా. యూనిట్ నువ్వే తీస్కో" అన్నారు. గుమాస్తా కిసుక్కున నవ్వాడు. "ఫికర్ చెయ్యకు, నీక్కూడ ఇస్త" అని అతనికీ మాటిచ్చారు. జడ్జిగారు కళ్లద్దాలు చాలాసేపు తుడుచుకుని, ఈ మాటల మీద ఆస్తి ఎవరికీ రాదని తేల్చేశారు.

బయట మొహం వేలాడేసుకున్న ఆ అబ్బాయికి ఖాలా నల్ల పర్సు తీసి చాయ్ ఇప్పించారు. "తాగు. గిది నా పైసలది. నీ మీద గుస్సా లేదు గని, మీ చాచా ముసలితనం మీద ఆశ పెట్టుకోకు."

మొన్న పలకరించడానికి వెళ్లాను. ఇకపై పెద్దాయన సంరక్షణ బాధ్యత తనకు అప్పగించమని ఖాలా కూతురు కోర్టును అడుగుతోంది. పెద్దాయన ఇంటి ముందు బండ మీద కూర్చున్నారు. పక్కన కూర్చోబోతే చేయి అడ్డం పెట్టారు.

"ఆడ కూసోకు. మా చెల్లె వస్తది."

ఎండ ఆ బండ మీదికి పాకినా, ఆయన ఆ చేయి తీయలేదు.