ఎవరూ అడగని రికార్డులు

నా పేరు మీకెందుకు. నేనొక మాట అన్న. అన్నం వడ్డిస్తూ అన్న. ఆ మాట నోరు దాటి ఎన్నో ఏండ్లయింది గానీ నన్ను విడిచి మాత్రం పోలేదు. ఇంట్ల పని చేసుకుంటాంటే, బస్సులో కూసుంటే, ఎవరి పెండ్లిలోనో బంతిలో వడ్డన చూస్తాంటే, ఉన్నట్టుండి వచ్చి గుండెల మీద కూసుంటది. అట్ల ఎట్ల అన్న? ఆ గొంతు నాదేనా? ఇప్పటికీ ఉలిక్కిపడుత.

ఎవ్వరికీ చెప్పలే. మా ఆయనకు కూడ చెప్పలే, ఆయన పోయిండు. మీరెవరో నాకు తెల్వదు. అందుకే మీకు చెప్పగలుగుతాననుకుంట.

మా అత్తగారిది హన్మకొండ. బజార్ల కింద దుకాణం, పైన ఇల్లు. రేడియోలు, రికార్డు ప్లేయర్లు, సినిమా పాటల రికార్డులు అమ్మేటోళ్ళు. నేను పాలకుర్తి దిక్కు నుంచి కోడలిగా వచ్చిన, పదోతరగతి దాక చదివిన. అత్తమ్మ నేను రాకముందే పోయింది. ఇంట్ల మామయ్య, మా ఆయన, మా ఆడబిడ్డ సుజాత. సుజాత నాకంటె చిన్నది, డిగ్రీ చదువుతుండె, పొద్దటిపూట కాలేజీ. కొత్త ఇంట్ల నేను బిక్కుబిక్కుమంటాంటె నా జడ వేసి, నవ్వించి, వంటింట్ల ఏ డబ్బాల ఏముందో చూపించింది ఆమెనే. ఈ సంగతి ముందే రాస్తాన. తర్వాతది చదివి, ఆమె నాకేదో కీడు చేసి ఉంటదని మీరు అనుకోవద్దు.

మామయ్య సరుకు కోసం సికింద్రాబాద్ పోయేటోడు. సినిమా రికార్డులు కావాలంటే ఇంగ్లీషువి కూడ కొన్ని తీసుకోవాలని ఏజెంటు అంటగట్టేటోడు. పేరున్నోళ్ళవి అక్కడే అమ్ముడుపోయేవి. ఎవరూ అడగనివి మాకొచ్చేవి. వాటిని అట్టపెట్టెల్ల వేసి పై అర్రల, అదే మిద్దె మీది గదిల, పడేసేటోళ్ళు. ఎన్నేండ్ల సరుకో. డెబ్బైల నాటివి కూడ ఉండె, విప్పనివి.

ఒకనాడు దుమ్ము దులుపుతాంటె ఒకటి చేతికొచ్చింది. అట్ట మీద మనిషి బొమ్మ లేదు. వానకు తడిసిన రోడ్డు, అంతే. మధ్యాహ్నం పూట. కింద షట్టరు సగం దించి మగోళ్ళు తిని పండుకున్నరు. రిపేరు చేసిన ప్లేయర్ ఒకటి ఆ అర్రలనే ఉండె. చప్పుడు బాగా తగ్గించి ముల్లు పెట్టిన.

భయమైంది. గోడ అవతల ఎవరో బరువైన బీరువా ఈడ్చినట్టు గిటారు మొదలైంది. చాలాసేపు పాటే లేదు. రికార్డు పాడయిందేమోనని లేవబోయిన. అప్పుడొచ్చింది ఒకాయన గొంతు. మూడో పాటల ఆ గొంతు పలిగింది. పైకి పోబోయి, అందక, విరిగింది. దాన్ని వాళ్ళు తీసెయ్యలే. మన దగ్గరైతే మళ్ళ పాడించేటోళ్ళు. వాళ్ళు ఆ విరిగిన గొంతును అట్లనే ఉంచిండ్రు. నాకు ఒక్క ముక్క ఇంగ్లీషు అర్థం కాలే. మరి నేనెందుకు ఏడ్చిన?

తెల్లారి సుజాతను పిలిచిన. ఆమె రికార్డు అయిపోయేదాక విన్నది. మళ్ళ పెట్టింది.

అట్ల మొదలైంది. మగోళ్ళు పండుకున్నంక మేమిద్దరం పై అర్రకు పోయి తలుపు దగ్గరికేసి ఒక్కొక్క పెట్టె విప్పేటోళ్ళం. రెండుసార్లు వినకుండ ఏదీ బాగలేదనొద్దని సుజాత ఒక నియమం పెట్టింది. ఎంత మంచి నియమమో. మొదటిసారి గోలనిపించినవి రెండోసారికి తెరుచుకునేవి. ఎవరూ మెచ్చుకోని పాటలు ఎక్కువగ రికార్డుకు అవతలి దిక్కు, చివర్ల ఉంటయని మేమే కనుక్కున్నం. ఎవరో కొనుక్కొచ్చి చెప్తే విన్నవి కావవి. పెట్టెల అడుగు నుంచి మేం తవ్వి తీసినవి.

ఒక పెట్టెల అట్ట మీద ఇద్దరు నల్లజాతి పిలగాండ్లు మెట్ల మీద కూసున్నది దొరికింది. అది కొత్తది, మొన్నమొన్న వచ్చిన సరుకు. వాళ్ళు పాడరు. దరువు మీద గబగబ మాట్లాడుతరు, ఒకడు విడిస్తే ఇంకొకడు అందుకుంటడు. ఇదేం పాట అన్న నేను. సుజాత రెండోసారి పెట్టి, కండ్లు మూసుకుని, ఒగ్గు కథ తీరే ఉంది వదినా, చెప్పేటాయన చెప్తాంటె పక్కనున్నోడు వంత అందుకున్నట్టు, అన్నది. నిజమే. ఆ మాట వినంగనే నాకు కూడ అది తెరుచుకుంది. ఆ పూటంతా పప్పు రుద్దుతాంటె నా చెయ్యి ఆ దరువుకే ఆడింది.

నా బతుకులో అంత సంతోషం మళ్ళ రాలే. ఇది రాస్తాంటె కూడ నమ్మబుద్ధి కాదు. అంత సంతోషం ఇచ్చిన మనిషికి నేను ఏం చేసిన?

ఒకనాడు సుజాత వాళ్ళ బాపును బతిమిలాడింది. సాయంత్రం కాలేజీ పిలగాండ్లు బజార్ల తిరిగేటప్పుడు, దుకాణం ముంగటి స్పీకర్ల ఆ ఇంగ్లీషు రికార్డులల్ల ఒకటి పెట్టమని. మామయ్య నవ్వి పెట్టిండు. పిలగాండ్లు ఆగిండ్రు. ఇదెవరిదని అడిగిండ్రు. తెల్లారి మళ్ళ వచ్చిండ్రు. అట్ల అట్ల పెట్టెలు ఖాళీ అయితాంటె మామయ్య మురిసిపోయి, సాయంత్రాలు బిడ్డను దుకాణంల కూసోబెట్టుకునుడు మొదలుపెట్టిండు. ఏది వినాలె, ఏది మొదలు వినాలె, సుజాత చెప్పేది. వచ్చినోళ్ళందరితోని మామయ్య ఒకటే మాట: "నా బిడ్డకు చెవి ఉంది."

నేను పైన వంటింట్ల ఉండి వినేదాన్ని.

ఎదురు చూసిన. సుజాత ఒక్కసారన్న అంటదేమోనని. మొదలు విన్నది మా వదిన అని. ఆమె అనలే. కావాలని అనకపోయిందా? కాదు. ఆమెకు ఆ ఫికరే లేదు. ఎవరు ముందు, ఎవరు వెనుక అనే లెక్క ఆమె మనసుల లేనే లేదు. అది నాకు అప్పుడూ తెలుసు. తెలిసీ రోజురోజుకు కుళ్ళుకున్న. ఆ తడిసిన రోడ్డు నాది. ఆ విరిగిన గొంతు నాది. నేను దులిపిన దుమ్ము. ఇంత చిన్నదానికా? ఇంత చిన్నదానికే.

ఆ రోడ్డు బొమ్మ రికార్డు ఒక్కటి మాత్రం అమ్మకుండ పైనే దాచుకున్నం. ఒకనాడు చూస్తే లేదు. అడిగితె సుజాత, దుకాణానికొచ్చే ఒక పొడుగు పిలగాడు ఒక్కసారి వింటనంటె ఇచ్చిన, తెస్తడు వదినా, అన్నది. కౌంటరు మీదికెల్లి ఇచ్చింది, పట్టపగలు, పదిమంది ముంగట. అందుల ఏం తప్పు లేదు. నన్ను అడగలే. అంతే.

ఆ తర్వాత రెండు రోజులకో మూడు రోజులకో. మామయ్య, మా ఆయన తింటున్నరు. సుజాత ఇంక కాలేజీ నుంచి రాలే. మామయ్య మామూలుగనే అడిగిండు.

"అమ్మా, ఆ రోడ్డు బొమ్మ రికార్డు ఏడుంది? కాజీపేట నుంచి ఒకాయన అడిగిపోయిండు."

"సుజాతను అడుగుండ్రి మామయ్యా. కాలేజీ పిలగానికి ఇచ్చింది."

ఇంతవరకు నిజమే. ఇక్కడ ఆగితే అయిపోయేది. నేను ఆగలే. చేతిల పప్పు గిన్నె ఉండె.

"మీరు పండుకున్నంక వాళ్ళిద్దరు పై అర్రల కూసుని వింటాండ్లు గదా. వెనుక మెట్ల నుంచి వస్తడు."

చూడుండ్రి. మధ్యాహ్నాలు నిజం. పై అర్ర నిజం. ఇద్దరు కూసుని వినుడు నిజం. అందులకెల్లి నన్ను తీసి, నేను కూసున్న చోట ఆ పిలగాన్ని కూసోబెట్టిన. ముందు ఆలోచించి అన్నదా? దేవుని తోడు, కాదు. నోట్లకెల్లి వచ్చేదాక అది నా లోపల ఉందని నాకే తెల్వదు. నేను బిత్తరపోయిన. మామయ్య చెయ్యి కంచంల ఆగిపోయింది. మా ఆయన లేచి నిలబడ్డడు.

అప్పుడే సుజాత వచ్చింది. చెప్పులు విడుస్తాంది. మామయ్య అరవలే. చాలా నిమ్మళంగ అడిగిండు.

"ఆ కాలేజీ పిలగాడు మన పై అర్రలకు వస్తాండా?"

సుజాత నవ్వబోయింది. మా ఆయన మొకం చూసి ఆగింది. "ఎవరన్నరు బాపూ?"

"మీ వదిన."

ఆమె నా దిక్కు చూసింది. ఆ చూపు మీకు ఎట్ల చెప్పాలె? కోపం లేదు. నేను ఏదో పొరపాటున అని ఉంటనని, ఇప్పుడే దిద్దుకుంటనని, ఎదురు చూసే చూపది. నాకు తొవ్వ ఇచ్చింది. నోరు తెరిచి, ఆ పిలగాడు కాదు మామయ్యా, నేను, అంటె అయిపోయేది. పాటలు విన్నందుకు నన్ను ఎవరూ చంపకపోదురు. ఆమె చూసింది, చూసింది. నేను మా ఆయన కంచంల మజ్జిగ పోసిన. ఆయన నిలబడే ఉన్నడు. నిలబడ్డ మనిషి కంచంల మజ్జిగ పోసిన.

అప్పుడు సుజాత అన్నది:

"వదిన అన్నదంటె నిజమే బాపూ."

ఎందుకట్ల అన్నది? నన్ను సిగ్గుపరచడానికా? అట్లంటెనన్న నోరు తెరుస్తననుకున్నదా? లేక, జడ వేసిన చెయ్యికి ఆ మాట తగిలి, ఇంక దేని మీదా కొట్లాడబుద్ధి కాలేదా?

మా ఆయన ఆ పిలగాడు ఉండే హాస్టలుకు పోయిండు. తిరిగొచ్చినంక ఆయన చొక్కా మీద రక్తం మరక. ఆయనది కాదు. ఆ చొక్కా నేనే ఉతికిన. ఆ పిలగాడు డోర్నకల్ దిక్కు రైలు పట్టాల మీద పనిచేసే గ్యాంగుమాన్ కొడుకని, వాళ్ళ ఇంట్ల కాలేజీ గడప తొక్కింది ఆయనొక్కడేనని తర్వాత తెలిసింది. దవాఖాన నుంచి నేరుగ ఊరికి పోయిండు. మళ్ళ కాలేజీకి రాలే.

ఆ పిలగాని దోస్తు ఒకడు రికార్డు వాపస్ తెచ్చిండు. వెనుక మెట్ల దగ్గర నేనే తీసుకున్న. పాత పేపరుల భద్రంగ చుట్టి ఉంది, గీత కూడ పడలే. ఆ దోస్తు నా దిక్కు చూడకుండ అన్నడు: "వాడు ఇది విననే లేదక్కా. ఎవరి దగ్గరన్న ప్లేయర్ దొరుకుతదేమోనని తిరిగిండు. దొరకకముందే మీ ఆయన వచ్చిండు."

విననే లేదు. ఆ మాట విన్నంక కూడ పోయి మామయ్యకు చెప్పలే. చెప్పనియ్యనిది ఏంది? అప్పటికి అబద్ధం ఒక్కటి కాదు. రక్తం కూడ కలిసింది. ఇంక ఇప్పుడెట్ల చెప్తమని అనుకున్న. ప్రతి రోజూ అదే అనుకున్న. ప్రతి రోజూ అది ఇంకింత ఆలస్యమైంది.

సుజాత చదువు ఆగింది. ఆ ఎండాకాలం దాటకముందే జగిత్యాల సంబంధం చేసిండ్రు. మామయ్య మిగిలిన ఇంగ్లీషు రికార్డులన్నీ పాత సామాన్లు కొనేటోనికి వేసిండు. తర్వాత ఆయన మంచంల పడ్డడు, క్యాసెట్ల కాలం వచ్చింది, దుకాణంల మనిషి కావాల్సి వచ్చింది. నేను కూసున్న.

ఇది చెప్పకపోతె ఒప్పుకోలు సగమే అయితది. నాకు పేరొచ్చింది. కొత్తగ వచ్చిన ఇంగ్లీషు క్యాసెట్లల్ల ఎవరూ పట్టించుకోనివి ఏరి, ఇది వినుండ్రి, రెండుసార్లు వినుండ్రి అని ఇచ్చేదాన్ని. సుజాత నియమాన్ని నా నియమంగ చెప్పిన. ఎక్కడెక్కడి నుంచో పిలగాండ్లు వచ్చేటోళ్ళు. ఆమెకు చెవి ఉంది అనేటోళ్ళు. ఏ మాట కోసం నేను కుళ్ళుకున్ననో ఆ మాట నాకు దొరికింది. దొరికిన ప్రతిసారీ సుజాత యాదికొచ్చేది. అయినా నవ్వి తీసుకున్న. వద్దనలే.

సుజాత వస్తది పోతది. వదినా వదినా అంటది. వాళ్ళింట్ల రేడియో కూడ ఉండకపోయేది; ఎందుకని ఎవరన్న అడిగితె, పనుల పడి వినబుద్ధి కాదు, అనేది. మా ఆయన పోయినప్పుడు వచ్చి దినాలయ్యేదాక నా దగ్గరనే ఉన్నది. నా తల దువ్వింది. నేను "సుజాతా" అన్న. "ఏంది వదినా" అన్నది. దువ్వెన ఆగింది. ఆమెకు తెలుసు. నేను చెప్తనేమోనని ఆమె ఆగిందని నాకూ తెలుసు. "ఏం లేదు" అన్న. దువ్వెన మళ్ళ కదిలింది.

రెండోసారి కూడ మజ్జిగ పోసినట్టే.

ఆమెకు చెప్పే ధైర్యం నాకు వస్తదో రాదో. వచ్చినా ఆమె చదువు రాదు, ఆ పిలగాని కాలేజీ రాదు. మీరు నన్ను క్షమించమని అడుగుతలేను. క్షమించెటందుకు మీరెవరు, పాపం? నాకు ఒక్కటే కావాలె. ఆ నాడు అనాల్సిన మాట ఏదో ఒక చోట, ఎవరో ఒకరి ముంగట, ఉన్నదున్నట్టు ఉండాలె.

మామయ్యా, ఆ పిలగాడు మన మెట్లు ఎన్నడూ ఎక్కలే. మధ్యాహ్నాలు పై అర్రల సుజాత పక్కన కూసున్నది నేను.

రాసిన. జర ఊపిరాడుతాంది.