వాసన తప్పిన మరువం

బాలాత్రిపురసుందరి ఎవరని అడిగితే ఫిల్మ్‌నగర్‌లో ఒక్కరూ చెప్పలేకపోయేవారు. హెయిర్‌డ్రెస్సర్ బాల అనండి, స్టూడియో గేటు దగ్గర వాచ్‌మన్ కూడా ఆవిడ ఇల్లు చూపించేవాడు. మద్రాసు నుంచి సినిమావాళ్ళు ఒక్కొక్కరే సామాన్లు సర్దుకుని హైదరాబాదు చేరుతున్న రోజుల్లో, బాల కూడా అక్క సుబ్బుల్ని వెంటబెట్టుకుని వచ్చేసింది. సవరం పెట్టడంలో, ముడి చుట్టడంలో మంచి చెయ్యే. కానీ ఆవిడకు పేరు తెచ్చింది ముడి కాదండీ, మరువం నూనె!

మరువం తెలుసుగా, కదంబం మాలలో పువ్వుల మధ్య పచ్చగా ఘుమఘుమలాడే ఆకు. దాన్ని నువ్వులనూనెలో వేసి సన్నసెగ మీద కాచి వడగట్టేది. పొద్దస్తమానం లైట్ల కింద సవరాలూ పిన్నులూ మోసి తల దిమ్మెక్కిన ఆడవాళ్ళకు ఆ నూనె కణతలకు రాస్తే ప్రాణం లేచొచ్చేది. అందరికన్నా శారదాదేవిగారికి మోజెక్కువ. హీరోలకు తల్లి వేషాలు కట్టే ఆవిడ. బాల పక్కన లేనిదే షాటుకు లేచేవారు కాదు.

అలాంటి శారదాదేవిగారు, తొంభై రెండో సంవత్సరం వానలు మొదలైన రోజుల్లో, మేకప్ రూములో అందరూ ఉండగా కొత్త సీసా మూత తీశారు. వాసన చూశారు. మళ్ళీ చూశారు. సీసా బల్ల మీద పెట్టేశారు.

“ఏం కలుపుతున్నావే ఇందులో?”

“మరువమేనమ్మా. ఎప్పుడూ వేసేదే.”

“నాకేం జలుబు లేదు. వట్టి గానుగనూనె కంపు. ఆకు ఖర్చెందుకని మానేశావా? సొంత మనిషివని నమ్మితే నాకే కల్తీ సరుకు అంటగడతావా?”

మూలనున్న మేకప్ అసిస్టెంటు కిసుక్కున నవ్వాడు. ఆ తర్వాతి సినిమాకు శారదాదేవిగారి తల ఇంకో అమ్మాయి చేతికి వెళ్ళింది. బాల ఏ సెట్లో అడుగుపెట్టినా ‘కల్తీ’ అన్న మాట ముందే వచ్చి కూర్చునేది.

ఆ మాటకన్నా పెద్ద భయం ఇంకోటి పట్టుకుంది ఆవిడకు. సీసా పంపే ముందు తను వాసన చూసింది కదా! బాగానే ఉందనిపించింది కదా! అంటే ముక్కు పోయిందా? ఇన్నేళ్ళు హెయిర్ స్ప్రేల పొగలో నిలబడి నిలబడి వాసనే తెలియకుండా పోయిందా? ఇంటికి రాగానే ఇంగువ డబ్బా తీసింది, కర్పూరం తీసింది. రెండూ తెలుస్తున్నాయి. అయినా నమ్మకం లేదు. సీసా అక్క ముక్కు దగ్గర పెట్టింది.

“బ్రహ్మాండంగా ఉందే!” అంది సుబ్బులు.

“నీకెప్పుడూ బ్రహ్మాండమేగా. మాడిన పప్పు పెట్టినా అదే అంటావు.”

“చెల్లెలు చేసింది కాబట్టి అన్నాను. తప్పా?”

ఇంతకీ నూనెలో ఏమీ మారలేదు. అదే నువ్వులనూనె, అదే మూకుడు, అదే చెయ్యి. మారింది ఇల్లొక్కటే. మొన్నటిదాకా మధురానగర్‌లో పైవాటా. మేడ మీద పగిలిన రంగుడబ్బాల్లో మరువం. పంపు నీళ్ళు తాగడానికే అందక, బియ్యం కడిగిన నీళ్ళు కాసిని మొక్కలకు దక్కేవి. ఇప్పుడేమో జూబ్లీహిల్స్‌లో ప్రొడ్యూసర్ వెంకటేశ్వరరావుగారి బంగళా వెనక రెండు గదులు. లారీలో తోలించిన మట్టి, మాగిన పేడ ఎరువు, పైన కానుగ చెట్టు నీడ, బోరునీళ్ళు. సుబ్బులుకు పండగే! పొద్దునా సాయంత్రం పైపు పట్టుకుని మొక్కల్ని తడిపేది, మధ్యలో గుర్తొస్తే మళ్ళీ తడిపేది. మరువం మోకాలెత్తు లేచింది. ప్రొడ్యూసర్‌గారి తల్లి పెద్దమ్మగారి దగ్గరికొచ్చిన చుట్టాలు సైతం ఆగి చూసేవారు. అంత నిగనిగలాడే మొక్కను ఎవరు అనుమానిస్తారు చెప్పండి?

పని లేక బాల గుమ్మంలో కూర్చున్న ఒక పూట, ఆ ఇంటి డ్రైవరు నర్సింహ చిరాగ్గా వచ్చాడు.

“అక్కా, కారు షెడ్డు కాడ మీ మొక్కొకటున్నది. జర తీసేయుండ్రి.”

“అదేం చేసింది నిన్ను?”

“డోరు తీసినప్పుడల్లా నలుగుతున్నది. బండంతా ఒక్కటే వాసన! పొద్దుగాల సార్ ఏమన్నడు తెల్సా? ‘ఏందిర నర్సింహా, నా బండిల ఏ హీరోయిన్‌ని తిప్పుతున్నవ్’ అన్నడు. నా పెండ్లాం ఇంటే నా గతేంది?”

బాల చెప్పులు కూడా తొడక్కుండా పరిగెత్తింది. షెడ్డు పక్కన బండరాయి సందులో, కంకరలో, మొక్కలు మోసేటప్పుడు జారిపడ్డ రెమ్మ ఒకటి దానంతటదే వేరు పట్టింది. పైపు అక్కడిదాకా అందదు. ఎండ మాత్రం సాయంత్రం వరకూ అక్కడే. జానెడు ఎత్తు, బూడిద పూసినట్టున్న చిన్న చిన్న ఆకులు. చిదిమితే గుప్పుమంది! మధురానగర్ మేడ గుర్తొచ్చింది. మడిలోకొచ్చి అక్కడి ఆకు చిదిమింది. గడ్డి వాసన, వెనకాల ఎక్కడో ఇంత మరువం.

ముక్కు పోలేదు! కొత్తింటి ఆకు పలచటి వాసనకే రోజూ అలవాటుపడిపోయింది, అంతే. కాళ్ళ కింద నేల దొరికినట్టయింది.

“అక్కా, నువ్వే పోగొట్టావు.”

“నేనా? బిడ్డల్లా పెంచితే!”

“పెంచలేదే, మేపావు. తిండీ నీళ్ళూ నీడా అన్నీ ఎక్కువై ఆకు ఒళ్ళు చేసింది. ఒంట్లో నీరే తప్ప సారం లేదు. ఆ రాతి పక్కది చూడు, ఎండకు మాడి, ఉన్న కాసిని ఆకుల్లోనే అంతా దాచుకుంది.”

అక్కను అంది గానీ తన తప్పూ కనబడింది. మధురానగర్‌లో షూటింగు లేని రోజున తీరిగ్గా, మంచు ఆరి ఎండ ఎక్కుతుండగా, చివర్లలో మొగ్గ తొడిగిన రెమ్మలే తుంచేది. ఇక్కడ తెల్లారకముందే కారొస్తుందన్న హడావిడిలో, అక్క తడిపిన మొక్కల్నే దొరికింది దొరికినట్టు కోసేది. ఆ తడి ఆకు మూకుట్లో చిటపటలాడుతూ ఎంతకీ వేగేది కాదు. నీరు ఇగిరేసరికి ఉన్న వాసనా ఆవిరితో పోయేది.

పైపు చుట్ట చుట్టి అటక మీద పడేసింది. పెద్దమ్మగారిని బతిమాలి కానుగ కొమ్మలు కొట్టించింది. అప్పుడు పట్టింది ముసురు!

బాల మొహం చూడాలి. మబ్బు కదిలితే గుండె కదిలేది. సెట్లో లైట్ల మీద కప్పే ప్లాస్టిక్ పట్టా అడిగి తెచ్చి, చినుకు పడితే మడి మీద పరిచేది, తెరిపిస్తే తీసేది. తియ్యడం ఆలస్యమైతే లోపల ఉక్కకు ఆకు చెమర్చేది. అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. ఇంతా చేసి అసలు కారణం నీళ్ళు కాకపోతే? ఆశకొద్దీ తెంపిన రెమ్మలు రెండుసార్లు గడ్డి వాసనే వేశాయి. “చంటిపిల్లల్ని ఎండగడుతున్నావే” అని సుబ్బులు ఆ వైపు చూడ్డమే మానేసింది.

చివరికి వాన వెలిసింది. ఎండలు గట్టిగా కాశాయి. మరువం కిందాకులు రాల్చి, చిన్న చిగుళ్ళు వేసి, మొగ్గ తొడిగింది. మంచు ఆరేదాకా ఆగి కోసింది. నీడలో వాడ్చి మూకుట్లో వేస్తే ఈసారి చిటపటల్లేవు. తన ముక్కొక్కటే చాలదని సీసా నర్సింహకిచ్చింది.

“అబ్బ! మళ్ళ గదే వాసన. అక్కా, నా కార్ల మాత్రం పెట్టకు!”

మర్నాడు స్టూడియోకి వెళ్ళింది. కొత్తమ్మాయి దువ్వుతుంటే శారదాదేవిగారు అద్దంలోంచే చూశారు.

“మళ్ళీ వచ్చావా? ఈసారి ఏం కథ?”

“కథ కాదమ్మా. నీళ్ళెక్కువ పోసి పెంచాం, తడి ఆకు కోశాం. వాసన పోయింది. చూసుకోకపోవడం నా తప్పు. కల్తీ మాత్రం చెయ్యలేదు.”

“నీళ్ళు పోస్తే వాసన పోయిందా! రైటరుగారికి చెప్పవే, కామెడీ సీను రాస్తారు.”

అంతా నవ్వారు. బాల మూత తీసింది. ముందు మేకప్ అసిస్టెంటు తల తిప్పాడు. తర్వాత దువ్వెన ఆగింది. శారదాదేవిగారు కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి తీసుకున్నారు.

“సరే,” అన్నారు గొంతు తగ్గించి. “సాయంత్రం ఇంటికి రా, మాట్లాడుకుందాం.”

బాల తలూపి వెళ్ళిపోతే పని మళ్ళీ దొరికేలా ఉంది. “ఇంటికి రానమ్మా. ఆ మాట ఇక్కడే, అందరి ముందూ అన్నారు,” అంది.

బయటి నుంచి ఎవరో “షాట్ రెడీ మేడమ్!” అని కేకేశారు.

“ఆగమను!” శారదాదేవిగారు తలలో పిన్నులు ఒక్కొక్కటే లాగి బల్ల మీద పడేశారు. “అందరూ విన్నారుగా ఆ రోజు? ఇదీ వినండి. బాల నూనెలో కల్తీ లేదు. తొందరపడి నోరు జారింది నేను.” జుట్టు భుజాల మీదికి వదిలేసి బాలకేసి తిరిగారు. “ఇంకా గుడ్లప్పగించి చూస్తావేం? రాయవే, తల పగిలిపోతోంది!”