ఆటకు ముందే ఇచ్చిన కప్పు

మా కాలంలో ఫోటో దిగడమంటే పెళ్లికి పోవడం కంటే పెద్ద పని. తల దువ్వుకోవాలి, ఊపిరి బిగబట్టాలి, ముఖంలో ఎవరో పోయినంత గాంభీర్యం కనబడాలి. అందుకే ఆనాటి ఫోటోల్లో సంతోషంగా ఉన్నవాళ్లు దొరకరు. చేవెళ్లలో మా అక్క ఇంటి ముందు గది గోడ మీద ఉన్న ఫోటో కూడా అలాంటిదే. షేర్వానీ తొడిగిన తహసీల్దారు మా బావ చేతికి వెండి కప్పు అందిస్తుంటాడు. వెనక రెండు వరుసల్లో రెండు ఫుట్‌బాల్ జట్లు. చూసినవాళ్లంతా చేవెళ్ల జట్టు కప్పు గెలిచిందనే అనుకుంటారు. ఆ వరుసల్లోని వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, ఈ మధ్యనే బావ కూడా పోయాడు. ఆ రోజు అసలేం జరిగిందో నేను కూడా చెప్పకపోతే ఇక ఫోటో చెప్పిందే నిజమవుతుంది.

అవి నిజాం పాలన చివరి ఏళ్లు. మా ఊరు మొయినాబాద్‌లోనే మిషన్ బడిలో చిన్న పంతులుగా కొత్తగా చేరాను. నాకు ఫుట్‌బాల్ రాదు. ఊరి జట్టుకు ఒక మనిషి తక్కువయ్యాడని డ్రిల్ మాస్టరు నన్ను పిలిచాడు. “ఎట్లాగూ ఖాళీగ కూసోని పుస్తకాలు చదువుతున్నవు, జర వచ్చి నిలవడు” అన్నాడు. నిలబడ్డాను. (ఆ తర్వాత కూడా నా ఆటలో ఎక్కువ భాగం నిలబడటమే.) చేవెళ్ల జట్టుకు మా బావ నాయకుడు, గోల్‌కీపరు కూడా. అప్పటికి మా అక్కను చేసుకొని ఎన్నాళ్లో కాలేదు. బామ్మర్దిని ఏడిపించడం ఆయన హక్కు, బావను ఏడిపించడం నా హక్కు. ఇద్దరం మా హక్కులు బాగానే వాడుకున్నాం.

తహసీల్దారు సాబ్‌కు ఆటలంటే ప్రేమ. మా ఊళ్లో మాకూ చేవెళ్లకూ పోటీ పెట్టాడు. కప్పు తనే చేయించి, ఇచ్చేటప్పుడు ఫోటో తీయించి పట్నంలో పై అధికారులకు పంపాలని ఫోటోగ్రాఫర్‌ను కూడా రప్పించాడు. ఆయన మూడు కాళ్ల స్టాండు, నల్లగుడ్డ, ఫోటోకు ఒకటి చొప్పున వాడే గాజు పలకల పెట్టెతో మధ్యాహ్నం బస్సులో దిగాడు. సాబ్ ముందు ఒంటరిగా ఫోటో దిగాడు. తర్వాత తన గుర్రంతో దిగాడు. గుర్రం తల తిప్పిందని మళ్లీ దిగాడు. ఎండ తగ్గాక ఆట మొదలుపెడదామని మేమంతా సిద్ధమవుతుంటే ఫోటోగ్రాఫర్ పెట్టెలోకి చూసి చేతులు కట్టుకున్నాడు.

“సాబ్, ఒక్క పలకనే మిగిలింది. తిరుగు బస్సొస్తే నేను పోవాలె. ఆట అయ్యేదాంక పొద్దుండదు.”

సాబ్ చెయ్యి ఊపాడు. “దానికి ఫికర్ ఎందుకు? ముందుగాల కప్పిచ్చేద్దాం, ఫోటో అయిపోతది. ఆట ఎక్కడికి పోతది? తర్వాత ఆడుకోండ్రి.”

“ఎవరికిస్తరు సాబ్?” అన్నాడు డ్రిల్ మాస్టరు మెల్లగా.

“గెలిచినోళ్లకు.”

“ఇంక ఆడనే లేదు గద సాబ్.”

“అయితే రూపాయి ఎగరెయ్యి.”

సర్కారు మాటకు ఎదురు చెప్పే కాలం కాదు. రూపాయి బావ వైపు పడింది. ఆయన ముందుకొచ్చి, నిజంగానే గెలిచినట్టు ఛాతీ విరుచుకొని కప్పు మీద చేతులు వేశాడు. ఫోటోగ్రాఫర్ నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి, “మొయినాబాదోళ్లూ, మీరు ఓడిన్రు. ముఖాలు జర కిందికెయ్యిండ్రి” అన్నాడు. “ఎప్పుడు ఓడినం?” అని మాలో ఒకడు పోట్లాటకు దిగాడు. “ఫోటోల ఓడిన్రు. కదలకుండ్రి” అన్నాడాయన. కదలలేదు.

బస్సు వచ్చింది, ఫోటోగ్రాఫర్ వెళ్లిపోయాడు. సాబ్ బావ చేతిలోంచి కప్పు వెనక్కి తీసుకొని బల్ల మీద పెట్టించాడు. అప్పుడు పట్టుకుంది బావకు భయం. నన్ను పక్కకు లాగాడు.

“బామ్మర్దీ, ఆ ఫోటో పెద్ద పెద్ద సాబ్‌ల దగ్గరికి పోతది. ఇప్పుడు మేం ఓడితే నేను కప్పు దొంగ లెక్క కనవడత. అత్తగారి ఊర్ల నాకు ఇజ్జత్ ఉంటదా?”

“ఆడకముందే ఎవరు తీసుకొమ్మన్నరు బావా?”

“రూపాయి నా దిక్కు పడితే వద్దంటనా? నువ్వు మాత్రం మా గోలు దిక్కు రాకు.”

వస్తాననే నమ్మకం నాకూ లేదు. కానీ వెనక్కీ ముందుకూ పరిగెత్తడం దండగని ఒకేచోట నిలబడే అలవాటు నాది, ఆ రోజు నిలబడ్డ చోటు వాళ్ల గోలు ముందే. పొద్దు వాలేదాకా ఒక్క గోలూ పడలేదు. చేవెళ్లవాళ్లు ప్రాణాలకు తెగించి ఆడుతున్నారు. అంతలో బావ నన్ను చూసి, “అగో, మీ అక్క నిలవడ్డది చూడు! ఆమె ముఖం చూసైనా అవతలికి పో!” అని అరిచాడు. నేను అక్కవైపు తిరిగాను. అదే సమయానికి ఎవరో తన్నిన బంతి నా మోకాలికి తగిలి గోల్లోకి పోయింది. ఊరంతా కేక వేసింది. అక్క కూడా గట్టిగా చప్పట్లు కొట్టింది. గోల్లో ఉన్నది తన మొగుడని గుర్తొచ్చాక చేతులు కొంగులో దాచుకుంది.

సాబ్ అదే కప్పును అదే గాంభీర్యంతో మాకిచ్చాడు. దాన్ని ఫోటో తీసేవాళ్లు లేరు. కొన్నేళ్లకు ఆ కప్పు మా బడి అల్మారీలో నల్లబడి, సుద్దముక్కలు వేసుకునే గిన్నె అయింది. సాబ్ బావకూ పంపిన ఫోటో మాత్రం చేవెళ్లలో అద్దం వెనక చెక్కుచెదరకుండా ఉంది.

బావ పోయాక అక్క ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టారు. పాస్టరుగారు వెళ్లాక బావ మనవడు చుట్టాలకు ఫోటో చూపిస్తూ, “మా తాత కప్పు గెలిచిండు” అంటున్నాడు. దుఃఖంలో ఉన్న ఇంట్లో నోరు మూసుకోవాలని నాకు తెలుసు. “అరే, గెలిచింది మీ తాత కాదురా, మేము” అని మొత్తం కథ చెప్పాను. బంతి మోకాలికి తగిలిన చోటుకొచ్చి ఆగిపోయాను. బావ ఉన్నన్నాళ్లూ ఈ కథ ఎప్పుడు చెప్పినా ఆ చోట “ఆఫ్‌సైడ్!” అని అరిచేవాడు. నేను వాళ్లందరినీ దాటి గోలు దగ్గర ముందే కాచుకొని ఉన్నానని, కాబట్టి ఆ గోలు చెల్లదని ఆయన వాదం. ఆ వాదంతో ఎన్ని పూటల అన్నం చల్లారిపోయిందో. అలవాటు కొద్దీ ఆయన కోసం ఆగాను. పిల్లలు నా ముఖం చూస్తున్నారు.

మూలన చాప మీద కూర్చున్న అక్క తల ఎత్తకుండానే అన్నది: “ఆఫ్‌సైడ్.”

నేను ఆమె వైపు జరిగాను. “ఎట్లయితదక్కా?”

“నువ్వు ముందుగాల్నే ఆడ నిలవడ్డవు. నేను చూసిన.”

“చూస్తే అప్పుడే ఎందుకు చెప్పలే?”

“అప్పటికి నేనింకా మీ ఊరిదాన్నే.”

ఇంత వయసొచ్చినవాణ్ణి, బతుకంతా పిల్లలకు బుద్ధులు చెప్పినవాణ్ణి, చాప మీద కూలబడి ఖాళీ చాయ్ గ్లాసులు ముందుకు లాక్కున్నాను. “ఇది నేను. ఇది బావ. ఇగో, ఈ నడుమ మీ చేవెళ్లోడు ఒకడున్నడు, నా కన్న ముందల.” అక్క చేయి చాపి ఆ నడిమి గ్లాసు తీసి పక్కన పెట్టింది. నేను దాన్ని మళ్లీ అక్కడే పెట్టాను.