ఉప్పు చూడని వంట

కుట్టుమిషన్ల మేస్త్రీకి మిషన్ చూపించనక్కర్లేదు, వినిపిస్తే చాలు. గుమ్మంలోనే నిలబడి "ఒక్కసారి తొక్కమ్మా" అంటాడు. కుట్టేవాళ్లు తొక్కుతారు. తల కాస్త పక్కకు వంచి వింటాడు. "అడుగున దూది పేరుకుంది" అనో, "బాబిన్ కేసు అరిగిపోయింది" అనో చెప్పి, అప్పుడు చెప్పులు విప్పి లోపలికి వస్తాడు. ఆ వీధిలో పిల్లలకీ పెద్దలకీ ఆయన మిషన్ల మామే. అసలు పేరు రేషన్ కార్డుకీ, ఇంటావిడ కోపానికీ తప్ప దేనికీ పనికిరాకుండా పోయింది.

రంజాన్ నెల వచ్చిందంటే మామకి ఊపిరి సలపదు. దర్జీలందరికీ పని ఒకేసారి మీద పడుతుంది. ఏడాదంతా మూలన కూర్చున్న మిషన్లు ఆ నెలలోనే నిద్ర లేస్తాయి, ఆ నెలలోనే మొరాయిస్తాయి. "మామా, దారం తెంపుతోంది", "మామా, గుడ్డ ముందుకి జరగట్లేదు" అంటూ పొద్దున్నుంచీ పిలుపులే. ఆ పిలుపులన్నిటికీ ఆయన చుక్క నీళ్లు ముట్టకుండా తిరిగేవాడు. పదేళ్ల పిల్లాడిగా మొదలుపెట్టిన రోజా ఉపవాసం, పెళ్లి ఏడాదిలోనూ, జ్వరం తగిలిన ఏడాదిలోనూ ఒక్కటీ వదల్లేదు. ఆ సంగతి ఆయన గొప్పగా చెప్పుకోడు. మధ్యాహ్నం వేళ ఆవలిస్తున్న కుర్ర దర్జీని చూసి "ఏం నాయనా, అప్పుడే వాడిపోయావ్? నీ వయసులో నేను..." అని ఆపేస్తాడు. మిగతాది ఆ కుర్రాళ్లే పూర్తి చేస్తారు, అదీ ఆయన గొంతుతోనే.

పోయినేడాది రంజాన్ నెలాఖర్లో మామ మసీదు మెట్ల మీద కూలబడ్డాడు. షుగర్ పడిపోయింది. మందులషాపులో పనిచేసే కూతురు డాక్టరు చెప్పిన మాటల్ని ఇంటికొచ్చి రెండింతలు చేసి చెప్పింది. మాత్రలు వేసుకుంటూ రోజల్లా కడుపు మాడ్చుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమేనంది. ఈ ఏడు రంజాన్ ఇంకా మొదలు కాకముందే ఇమాం ఇంటికొచ్చి కూర్చున్నాడు. జబ్బుతో ఉపవాసం ఉండలేనివాళ్లకి దేవుడే మినహాయింపు ఇచ్చాడనీ, ఇక ఎప్పటికీ ఉండే వీలు లేకపోతే ఒక్కో రోజాకి బదులు ఒక పేదవాడికి కడుపునిండా అన్నం పెడితే చాలనీ, దాన్నే ఫిద్యా అంటారనీ నిదానంగా చెప్పాడు.

మామ అదంతా పక్కింటివాళ్ల గొడవలా విన్నాడు.

"అది ముసలాళ్లకి కదండీ?"

"మీకు ఎన్నేళ్లు?"

"అరవై దాటాయి."

ఇమాం టీ గ్లాసు అందుకున్నాడు. "సరే, ఫిద్యా సంగతి నేను చూసుకుంటాలెండి" అని మామ లేచాడు. ఇంట్లోవాళ్లు అమ్మయ్య అనుకున్నారు.

నెల మొదలైన నాటినుంచీ ఇంటావిడ తాను రోజా ఉండి, పొద్దున్నే ఆయనకి క్యారేజీ కట్టి పంపేది. ఆమెకి వచ్చిన చిక్కల్లా ఉప్పుతోనే. నాలుక కొసకి తగిలించి ఉమ్మేస్తే తప్పు లేదని ఇమాం ఎన్నిసార్లు చెప్పినా ఆమెకి మనసొప్పదు. చేతి అంచనా మీద వేస్తుంది. సాయంత్రం ఆయన ఇంటికి రాగానే ఉపవాసం విడవక ముందే అడుగుతుంది.

"ఉప్పు ఎలా ఉంది?"

"అమిరింది."

రోజూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు. తెల్లవారుజామున సహరీకి అందరితోపాటు లేచి నాలుగు ముద్దలు తినేవాడు. "మీరు తింటుంటే నేను గుర్రుపెట్టి పడుకోవడం బాగుంటుందా?" అనేవాడు. సాయంత్రం ఇఫ్తార్‌కీ వాళ్లతోనే కూర్చునేవాడు. మనిషి సరదాకి కూర్చుంటున్నాడనే తల్లీకూతుళ్లు నమ్మారు.

క్యారేజీ మాత్రం వేరే కడుపు నింపుతోంది. బట్టల మూటలు లాగే తోపుడుబండి తాత మధ్యాహ్నం వేళ మామ రిపేరు కొట్టు నీడన చేరతాడు. ఊపిరితిత్తుల జబ్బుకి పూటపూటా మందు మింగాలి కాబట్టి ఆయనకీ రోజా లేదు. మొదటి రోజు మామ క్యారేజీ మూత తీశాడు. చూశాడు. మళ్లీ మూశాడు. మళ్లీ మూత తీసి కలిపిన ముద్ద నోటిదాకా రాలేదు. పారేయడానికీ చెయ్యాడలేదు. బయటికి తొంగిచూసి, "తాతా, ఇలా రా" అన్నాడు. అప్పటినుంచీ అదే వరస. తన రోజా తనకి ఉంది, ఫిద్యా కూడా ముట్టింది, ఇంట్లో పోరూ లేదు. ఇంతకన్నా ఏం కావాలనుకున్నాడు.

ఒంటికి ఈ లెక్క తెలియలేదు. నెల సగం దాటాక ఒక మధ్యాహ్నం మేడ మీద ఉండే దర్జీ అమ్మాయి తన మిషన్ కుట్లు వదిలేస్తోందని పిలిస్తే వెళ్లాడు. సూది కడ్డీ వెంట్రుకవాసి కిందికి జారింది, సరిచేయాలి. కళ్లు మూసుకుని చేసే పని. స్క్రూ బిగిస్తుంటే వేళ్లు వణికాయి. నుదుటి మీద చల్లటి చెమట పట్టింది. బిగించి, చక్రం తిప్పాడు. సూది వెళ్లి అడుగున దారం పట్టే హుక్కుని కొట్టి ఫట్‌మని విరిగింది. ముక్క ఎగిరి ఆ అమ్మాయి చెంప పక్కనుంచి పోయింది.

"అయ్యో మామా! ఒంట్లో బాగాలేదా?"

"ఎండ" అన్నాడు మామ. ఇల్లంతా చల్లగానే ఉంది. ఆ అమ్మాయి ఫ్యాను పెంచింది. ఇంకో సూది పెట్టి, కడ్డీ మళ్లీ సరిచేసి, మెట్లు దిగేటప్పుడు ఆయన గోడ పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే ఇంటావిడ అలవాటుగా అడిగింది.

"ఇవాళ ఉప్పు ఎలా ఉంది?"

"దివ్యంగా ఉంది. నీ చేతికి ఉప్పు చూడాల్సిన పనేముంది?" అన్నాడు, ఎప్పుడూ లేనంత ధారాళంగా.

అజాన్ వినిపించింది. ఖర్జూరాలతో ఉపవాసం విడిచారు, నమాజు చేసుకున్నారు, అన్నాలకి కూర్చున్నారు. పొద్దున క్యారేజీలో కట్టిన కూరే. కూతురు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"అమ్మా, ఇందులో ఉప్పు లేదు."

"తక్కువైందా?"

"తక్కువా ఎక్కువా కాదు. అసలు వెయ్యలేదు."

ఇంటావిడ తానూ ఒక ముద్ద తిని చూసింది. తర్వాత మొగుడి వంక చూసింది. మామ తల ఎత్తకుండా గబగబా తింటున్నాడు.

"బాగానే ఉందే" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"నా క్యారేజీ ఎవరు తింటున్నారు?"

కూతురు లేచి ఆయన నాడి పట్టుకోబోతే చెయ్యి లాక్కున్నాడు.

"తాతకి పెడుతున్నా. పారేయట్లేదుగా! ఇన్నేళ్లూ ఉండి ఇప్పుడు పట్టపగలు బొక్కుతూ కూర్చుంటే, ఏ ముఖం పెట్టుకుని పండగ నమాజుకి వెళ్లను? ఆ కుర్రవెధవలందరి ముందూ?"

"రోజూ అబద్ధమాడిన ముఖం పెట్టుకుని వెళ్తారా?" అంది ఆమె. గొంతు పెంచలేదు. "రోజా ఉండి, సరిగ్గా విడిచే వేళకి పెళ్లాం ముందు నిలబడి, అమిరింది అమిరింది అన్నారే. నోటితో అబద్ధం ఆడుతూ కడుపు మాడ్చుకుంటే దాన్ని రోజా అంటారో పస్తు అంటారో వెళ్లి ఇమాం గారిని అడగండి."

మామ ఇమాంని అడగలేదు. అడగాల్సిన అవసరం లేదని ఆయనకీ తెలుసు. పళ్లెం ముందునుంచి లేవబోతే ఆమే ఆపింది.

"పోయినేడు మెట్ల మీంచి మిమ్మల్ని నలుగురు మోసుకొచ్చారు. ఆ మోసుకురావడం దూరంనుంచి చూసి నేనేమనుకున్నానో మీకు ఇంతవరకూ చెప్పలేదు." ఉప్పు గిన్నె దగ్గరికి లాక్కుని, "చెప్పను కూడా. ఉప్పు వేస్తాను, తినండి" అంది.

మర్నాడు మధ్యాహ్నం ఆమే కొట్టుకి వచ్చింది, చేతిలో రెండు క్యారేజీలతో. విప్పి పెట్టిన మిషన్ తలకాయల మధ్య స్టూలు లాక్కుని కూర్చుంది. మామ నూనె గుడ్డతో తుడిచిన చోటే తుడుస్తున్నాడు. వేళకి తోపుడుబండి తాత వచ్చాడు. ఆమెని చూసి భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"చల్లగా ఉండు తల్లీ. నెలంతా కడుపునిండా పెడుతున్నావ్. నిన్న మాత్రం ఉప్పు మర్చిపోయావ్. దేవుడి పేరు మీద పెట్టేదానికి వంకలేమిటని కిక్కురుమనకుండా తిన్నా."

"మరి మేస్త్రీతో చెప్పలేదా?"

"ఆయనా అదే తిని ఉంటాడుగా! పాపం, ఆయన నోరు మూసుకుంటే నేను తెరుస్తానా?"

ఇంటావిడ పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆపుకుంటూనే సంగతంతా చెప్పింది. తాత మామ వైపు తిరిగాడు.

"ఉపవాసం ఉండలేకపోతే అన్నం పెట్టమన్నారు. నువ్వు అన్నమూ పెట్టి, ఉపవాసమూ ఉన్నావా? పైగా మాత్రలు మింగుతూ?" తల కొట్టుకున్నాడు. "పైవాడు తగ్గించి అడిగితే ఎక్కువ ఇస్తానని బేరమాడేవాణ్ణి నిన్నే చూశానయ్యా."

"నువ్వు తిను తాతా, నా గొడవెందుకు?"

"తినను." తాత క్యారేజీని వేలితో అవతలికి నెట్టాడు. "నీ నోటి దగ్గరి కూడు ఇన్నాళ్లూ లాక్కుని తిన్నానని తెలిశాక ఎలా దిగుతుంది? నువ్వు మొదలుపెట్టు. నా మందు వేళ దాటిపోతోంది."

మామ ఇద్దర్నీ చూశాడు. రోజా ఉన్న ఇంటావిడ ఎండిపోయిన పెదాలతో, తనకేమీ తొందర లేనట్టు గోడకి ఆనుకుని కూర్చుంది. మామ లేచి షట్టరు సగం దించి వచ్చి, చేతులు కడుక్కున్నాడు. బిస్మిల్లా అని ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. అది గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది. రెండోది కాస్త తొందరగా దిగింది. తాత అప్పుడు తన మూత తీశాడు. చప్పుడల్లా గిన్నెలదే.

అంతలో షట్టరు కింద రెండు కాళ్లు కనిపించాయి. "మామా, ఉన్నారా?" అంటూ మేడ మీది దర్జీ అమ్మాయి షట్టరు పైకెత్తేసింది. వీధి వెలుతురంతా ఒక్కసారి లోపల పడింది. ఎదుటి వరసలో ఇద్దరు కుర్ర దర్జీలు కత్తెర్లు ఆపి ఇటే చూస్తున్నారు. మామ చేయి గిన్నె మూత మీదికి వెళ్లింది. తాత నమలడం ఆపాడు.

మామ మూత మీదినుంచి చెయ్యి తీసేశాడు.

"ఉన్నానమ్మా. అన్నం తింటున్నా" అన్నాడు, వీధిలోకి వినిపించేంత గట్టిగా. "నేను రోజా ఉండకూడదన్నారు. ఐదు నిమిషాలు కూర్చో, వచ్చి చూస్తా."

ఆ అమ్మాయి చెప్పులు విప్పి లోపలికొచ్చి ఇంటావిడ పక్కన కూలబడింది.

"నెమ్మదిగా కానివ్వండి మామా. మీరు తిని వస్తేనే నాకూ ధైర్యం. నిన్నటి సూది చెంపకి ఇంత దూరంలో పోయింది."

ఎదుటి కొట్లో కత్తెర్లు మళ్లీ కదిలాయి. మామ ఇంకో ముద్ద కలిపాడు.